మేకదని నేనన్న ఎముక

మా ఆయన ఒంటి నుంచి ముప్పై ఏళ్ళపాటు పులుపు వాసన వచ్చేది. ఎంత సబ్బు పెట్టి ఉతికినా, ఎంత ఎండలో ఆరేసినా చొక్కాల్లోంచి అది పోయేది కాదు. మ్యూజియంలో అందరూ ఆయన్ని పుల్లయ్య అనేవాళ్ళు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా కనపడేది కాదు. కొత్తలో నాకు రోషం వచ్చేది. ఆయన మాత్రం "ఇంకా నయం, కుళ్ళయ్య అనలేదు" అని నవ్వేసేవారు.

రాతిలో ఇరుక్కున్న ఎముకల్ని విరగకుండా బయటికి తీయడం ఆయన పని. కోట్ల ఏళ్ళు మట్టిలో ఉండి తామూ రాయైపోయిన ఎముకలు. జనం టిక్కెట్టు కొని చూసే అద్దాల గదులు పైన ఉంటాయి. ఈయన గది కింద, ఇరవై రెండు మెట్లు దిగితే వస్తుంది. దాని కిటికీలు కప్పుకి ఆనుకుని ఉంటాయి. వాటిలోంచి చూస్తే వెనక దారిన నడిచేవాళ్ళ పాదాలు తప్ప ఇంకేమీ కనపడవు. చెప్పుల్ని బట్టి ఎవరొస్తున్నారో చెప్పేసేవారు. "మొహాలు చూసి బతికేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. నేను కాళ్ళు చూసి బతికేస్తున్నాను" అనేవారు.

ఈ పనిలోకి రాకముందు ఆయన సమాధి రాళ్ళ మీద పేర్లు చెక్కేవారు. మ్యూజియం పెద్దసారు వాళ్ళమ్మ పేరు చెక్కించుకోడానికి వచ్చి, ఒక తప్పు అక్షరాన్ని పక్కన గీత పడకుండా ఈయన చెరిపెయ్యడం చూశారట. "రాతి మీద ఎక్కడ ఆగాలో నీ చేతికి తెలుసయ్యా, నా దగ్గరికి వచ్చెయ్" అన్నారట. అంతే, మర్నాటి నుంచి ఆ ఇరవై రెండు మెట్లు దిగడం మొదలుపెట్టారు.

ఇంటికొచ్చి చెప్పేవారు కాబట్టి నాకూ ఆ పని కొంత తెలుసు. బండని నీళ్ళు కలిపిన పల్చటి యాసిడ్ తొట్టిలో ఒక రోజు ఉంచుతారు. రాయి నురగలెత్తి కొద్దిగా కరుగుతుంది, ఎముక కరగదు. పైకి తీసి నాలుగు రోజులు మంచినీళ్ళలో నానబెట్టి కడుగుతారు. బయటపడ్డ ఎముకకి పల్చగా జిగురు రాసి, ఆరాక మళ్ళీ తొట్టిలో దింపుతారు. ఇలా ఏడాది, రెండేళ్ళు. చివరికి సూది, పళ్ళ బ్రష్షు. మా ఇంట్లో అరిగిపోయిన బ్రష్షులన్నీ అక్కడికే పోయేవి. కడిగిన గిన్నె మళ్ళీ కడగమంటే నాకు ఏడుపొస్తుంది. ఆయన ఒకే గిన్నెని రెండేళ్ళు కడిగే మనిషి. ఆయన చేతిలోంచి వచ్చిన ఎముక మీద ఒక్క ఇసుక రేణువు ఉండేది కాదు. అదే ఆయన గొప్ప, ఆయనకున్న ఒక్క గర్వం.

మా నాన్నది మాంసం కొట్టు. నేను అయిదో తరగతితో బడి మానేసి ఆ కొట్లోనే పెరిగాను. పెళ్ళయిన కొత్తలో నాన్న అందరితో అనేవాడు: "నేను మాంసం అమ్ముతాను, మా అల్లుడుగారు ఎముక దాచిపెడతారు. ఇద్దరం కలిస్తే జంతువు పూర్తవుతుంది."

మా అమ్మాయి మూడో తరగతిలో ఉండగా ఆ బండ వచ్చింది. ఎండిపోయిన కొండల్లోంచి పెద్దసారు తవ్వించి తెచ్చారు. నీళ్ళ డ్రమ్ము కంటే కాస్త చిన్నది, ఒక పక్కన పన్ను ఒకటి బయటికి కనపడుతోందట. అదే కొండ నుంచి ఆ ఏడు ఇంకో పదకొండు బండలు కూడా వచ్చాయి. అన్నీ ఒకప్పటి నది మట్టేనట. ఐదు కోట్ల ఏళ్ళ కిందటి నది.

"ఐదు కోట్లంటే ఎంత?" అని అడిగాను.

"మీ నాన్న కోపం తగ్గడానికి పట్టేంత."

ఏడాది గడిచేసరికి తల బయటపడింది. మూతి పొడుగు, కళ్ళు మొసలికిలా పైకి ఉన్నాయి. తోడేలేమో అనుకున్నారు మొదట. ఆ తర్వాత చెవి ఎముక తేలింది. గవ్వలా గుండ్రంగా, లోపలి అంచు మాత్రం బొటనవేలంత మందంగా ఉందట. పెద్దసారు భూతద్దం పెట్టి చూసి, కుర్చీలో కూలబడ్డారట. అలాంటి మందపాటి అంచు ఒక్క తిమింగలాల చెవికే ఉంటుందని ఆయనకి తెలుసు. అంటే ఇది తిమింగలం. కానీ ఉన్నది నది మట్టిలో. ఆ తల నేల మీద తిరిగే జంతువు తలలా ఉంది. సముద్రంలోకి దిగకముందు తిమింగలాల పూర్వీకులు ఎలా ఉండేవో చెప్పే జంతువు ఈయన తొట్టిలో నానుతోంది.

ఆ పూట ఇంటికి వచ్చాక ఆయనకి మాట ఆగలేదు.

"తిమింగలానికి కాళ్ళేమిటండీ?" అన్నాను.

"అప్పట్లో ఉండేవి. తరవాత పోయాయి."

"ఎందుకు పోయాయి?"

"తిండి నీళ్ళలో ఉంది. ఒడ్డున కూర్చుంటే ఎవరు తెచ్చి పెడతారు? దిగింది. దిగినకొద్దీ కాళ్ళతో పని తగ్గింది. ముక్కు కూడా మూతి చివర నుంచి జరిగి జరిగి నడినెత్తికి వెళ్ళింది. ఇంకా చిన్న చిన్న వెనకకాళ్ళు మిగిలి ఉన్న పెద్ద తిమింగలాల ఎముకలు కూడా దొరికాయిట తెలుసా, నీటిలోనే బతికినవి. ఆ కాళ్ళు నడవడానికి పనికొచ్చేవి కావు. ఊరికే ఉన్నాయి."

"ఊరికే ఉన్నవాళ్ళు అన్ని చోట్లా ఉంటారు" అన్నాను. ఆ మాట నన్ను నేనే అనుకున్నాను. ఆయనకి అర్థమై నా నెత్తి మీద చిన్నగా మొట్టారు.

తల తేలింది గానీ, అసలు ప్రశ్న తేలలేదు. నేల మీద ఉన్నప్పుడు ఇది ఏ కుటుంబంది? పెద్దసారు, ఆయన తోటివాళ్ళు, పళ్ళ పోలికని బట్టి తోడేలులాంటి ఒక పాత మాంసాహార జంతువు వంశం అనుకునేవాళ్ళు. రక్తం పరీక్షలు చేసేవాళ్ళేమో, కాదు, నీటిగుర్రానికి చుట్టమంటున్నారట. "అది ఎవరి చుట్టమో ముఖంలో తెలియదయ్యా, కాలు దొరికితే తెలుస్తుంది" అని పెద్దసారు అంటుండేవారు. ఆ మాట మా ఆయనకి గుర్తుంది. నాకూ చెప్పారు. అయినా మేమిద్దరం చేసింది ఇదీ.

ఒక సాయంత్రం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే ఆయన వచ్చి సబ్బు చుట్టిన కాగితం తిరగేసి పెన్సిల్‌తో ఒక బొమ్మ గీశారు. బొటనవేలంత ఎముక. పైన ఒక గిలక, కింద ఇంకో గిలక, మధ్యలో సన్నటి నడుము.

"ఇదేమిటో చెప్పు."

"చీలమండ. మేకది."

"గొర్రెది కాదూ?"

"గొర్రెది కావచ్చు, దూడది కావచ్చు. డెక్క రెండుగా చీలిన దేనికైనా ఇలాగే ఉంటుంది. కుక్కకి ఉండదు, గుర్రానికి ఉండదు. మా కొట్లో ఇవి పోగేసుకుని ఆడుకునేవాళ్ళం. ఎక్కడిది?"

"బండలోది. పక్కటెముకల కింద నక్కి ఉంది."

"ఆ తిమింగలం బండలోనా?"

"అదే. దానిదేనంటావా?"

ఉల్లిపాయల వల్ల కళ్ళు మండుతున్నాయి, అయినా పగలబడి నవ్వాను. "మోకాలికీ బోడిగుండుకీ ముడేస్తారేమిటండీ! మాంసం తినే తోడేలంటిరి, తిమింగలమంటిరి, ఇప్పుడు దానికి మేక కాలు కూడా పెడతారా? పెద్దసారు వింటే మిమ్మల్ని మళ్ళీ సమాధి రాళ్ళ దగ్గరికి తోలేస్తారు."

ఆయనా నవ్వారు. "నాకూ అలాగే అనిపించిందిలే. నదిలో ఏదో కొట్టుకొచ్చి ఉంటుంది."

ఇంతే జరిగింది. కత్తిపీట పక్కన పెట్టి ఇంకో రెండు నిమిషాలు ఆలోచించి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికి ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. ఎముకని బండలోంచి తీసేముందు, ఉన్నచోట ఉన్నట్టే ఫోటో తియ్యాలి, బొమ్మ గియ్యాలి, బండ నంబరు వెయ్యాలి. కానీ నదిలో కొట్టుకొచ్చి ఇరుక్కున్న చిల్లర ఎముకలకి అదంతా ఉండదు. ఫిల్ము వృథా చెయ్యొద్దని పెద్దసారు మాట. అలాంటివాటికి కార్డు మీద కొండ పేరు రాసి, "కొట్టుకొచ్చినవి" అని రాసి ఉన్న సొరుగులో వేసేస్తారు. పన్నెండు బండల చిల్లరా ఆ ఒక్క సొరుగులోనే.

ఆయన మర్నాడు ఆ ఎముకని తీశారు. తీసేటప్పుడు సూది జారి, కింది గిలక అంచు నుంచి గోటి ముక్కంత పెచ్చు ఎగిరిపోయింది. ట్రేలో వెతికారు, నేల ఊడ్చారు, దొరకలేదు. ఆయన చేతిలో అలా ఎప్పుడూ జరగలేదు. ఆ బాధతో, ప్రాయశ్చిత్తంలాగా, మూడు రోజులు కూర్చుని ఆ ఎముకని అద్దంలా శుభ్రం చేశారు. గిలక గాడిలో ఉన్న చివరి రేణువు కూడా తోమేశారు. కార్డు మీద "మేక జాతి, చీలమండ" అని రాసి సొరుగులో పెట్టారు. చుట్టూ ఉన్న బండ తొట్టిలో కరిగిపోయింది.

తరవాత పన్నెండేళ్ళు గడిచాయి. పెద్దసారు రిటైరై, ఆ తర్వాత కొన్నాళ్ళకి పోయారు. ఆయన స్థానంలో ఒక మేడమ్ వచ్చింది. వయసులో చిన్నది, గట్టిది, మా ఆయన్ని "బాబాయ్" అనేది. మా అమ్మాయి నర్సు చదువు పూర్తి చేసి వేరే ఊళ్ళో పనిలో చేరింది.

ఒకరోజు మేడమ్ మెట్లు పరిగెత్తుకుంటూ దిగిందట. "చెప్పుల చప్పుడు వినగానే ఏదో కొంప మునిగిందనుకున్నాను" అన్నారు ఆయన. చేతిలో అచ్చైన కాగితాలు. ఎక్కడో దూరదేశాల్లో పాత తిమింగలాల చీలమండలు దొరికాయట. చెవి చూస్తే తిమింగలం, కాలు చూస్తే అచ్చం మేకలా, జింకలా, రెండు గిలకలది. తోడేలు మాట తప్పు. రక్తం పరీక్షలవాళ్ళ మాటే నిజం. తిమింగలం డెక్క చీలిన జంతువుల ఇంటి మనిషే.

"బాబాయ్, మన బండలో కాలి ఎముకలు ఏవీ రాలేదా?"

ఆయన సూది పక్కన పెట్టి లేచారు. కొట్టుకొచ్చినవి ఉన్న మూల బీరువా దగ్గరికి వెళ్ళారు. ఆ సొరుగు ఎప్పుడూ ఇరుక్కుంటుంది, కాస్త పైకెత్తి లాగాలి. ఎత్తి లాగి, ఆ ఎముక తీసి, బల్ల మీద ఆమె ముందు పెట్టారు.

మేడమ్ చిన్నపిల్లలా కేక పెట్టిందట. ఈయన చేతులు పట్టుకుని ఊపేసిందట. తరవాత అడగాల్సినవి అడిగింది.

"ఫోటో?"

"తియ్యలేదమ్మా."

"బొమ్మ?"

"సబ్బు కాగితం మీద గీశాను. పోయింది."

"కార్డు మీద బండ నంబరు లేదేమిటి?"

"కొట్టుకొచ్చిందనుకున్నానమ్మా."

"పోనీ, దీనికి అంటుకుని కొంచెం రాయైనా ఉండాలి కదా. పన్నెండు బండల రాయీ ఒకేలా ఉండదు. రేణువంత ఉన్నా పోల్చి చూద్దాం."

భూతద్దం కింద పెట్టి అన్ని వైపులా తిప్పి తిప్పి చూసింది. ఏమీ లేదు. "ఇంత శుభ్రంగా ఎలా తోమావు బాబాయ్!" అందట. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన పనితనాన్ని చూసి ఒకళ్ళు ఏడుపు గొంతుతో మాట్లాడడం అదే మొదటిసారి.

ఆ సంగతి తేల్చడానికి, ఇదే చదువు చదివిన ముగ్గురు పెద్దలు బయటి నుంచి వచ్చారు. ఈయన్ని కూర్చోబెట్టి అడిగారు. ఏ బండ, ఏ మూల, ఏ పక్కటెముక కింద, అన్నీ చెప్పారాయన. కొలతలు తీశారు, జంతువు సైజుకి సరిపోయింది. కానీ అదే కొండలో మేకంత జింకలాంటి జంతువుల ఎముకలు కూడా దొరికాయి, వాటికీ సరిపోతుంది. వాళ్ళలో పెద్దాయన మర్యాదగానే అన్నాడట: "మీరు అబద్ధం చెబుతున్నారని ఎవరూ అనట్లేదు. కానీ పన్నెండేళ్ళ కిందటి జ్ఞాపకాన్ని మేం సాక్ష్యంగా అచ్చు వెయ్యలేం. ఆ ఎముక ఆ బండలోదే అనడానికి ఏదైనా ఉండాలి."

ఉన్నదల్లా ఈయన కరిగించేశారు.

ఇంటికొచ్చి ఇదంతా వరసగా చెప్పారు. "నువ్వేగా మేకదన్నావు" అని మాత్రం అనలేదు. అంటారేమోనని ఎదురు చూశాను. రెండు రోజులు, వారం. చివరికి నేనే ఉండబట్టలేక కదిపాను. "ఆ రోజు నేను నవ్వకపోయి ఉంటే..."

"నువ్వు తప్పేం చెప్పావు? మేకదిలా ఉందన్నావు. ఇప్పుడు చదువుకున్నవాళ్ళు చెబుతున్నదీ అదే. వాళ్ళకంటే పన్నెండేళ్ళు ముందే చెప్పావు" అని నవ్వబోయారు. దగ్గు వచ్చింది. అప్పటికే దగ్గు మొదలైంది.

ఆయనకి ఒక దారి తోచింది. ఎగిరిపోయిన ఆ పెచ్చు. కరిగిన బండ అడుగున మిగిలే ఇసుకని ఆ గదిలో పారెయ్యరు. జల్లెడ పట్టి, ఆరబెట్టి, బండ నంబరు వేసి గోనెసంచుల్లో ఉంచుతారు. ఆ పెచ్చు ట్రేలోంచి నీళ్ళతో పాటు ఆ సంచిలోకి పోయి ఉండొచ్చు. దొరికి, విరిగిన చోట సరిగ్గా కూర్చుంటే చాలు, ఇంక ఎవరూ కాదనలేరు. సంచి మీద బండ నంబరు ఉంటుంది కదా.

ఆ బండవి మూడు సంచులు ఉండాలి. రెండే ఉన్నాయి. ఎప్పుడో వానలకి వెనక దారి బురదైతే, తోటపనివాళ్ళు మూడో సంచి తీసుకెళ్ళి దారి మీద పరిచేశారట, ఇసుకే కదా అని. వాళ్ళనేం అంటాం. వాళ్ళకి అది ఇసుకే. మాకు అది మేక ఎముక అయినట్టే.

ఆయన రెండు సంచుల్నీ చెంచాడు చెంచాడు తెల్ల పళ్ళెంలో పోసి, భూతద్దంతో వెతికారు. పని వేళ అయిపోయాక రోజూ ఒక గంట. ఏడాదిన్నర పట్టింది. పళ్ళ ముక్కలు, చేప ముళ్ళు, నత్త పెంకులు దొరికాయి. పెచ్చు దొరకలేదు. రెండో సంచి ఖాళీ అయిన రోజు ఆ కిటికీ కింద కూర్చుని పైకి చూస్తూ ఉండిపోయారట. వెనక దారిన జనం నడుస్తున్నారు. చెప్పులు, బూట్లు, ఒక పిల్ల గెంతుతూ పోయింది. "వాళ్ళ కాళ్ళ కిందే ఉందేమోనే" అన్నారు నాతో.

మ్యూజియంలో పైన పెద్ద గదిలో ఆ జంతువుని నిలబెట్టారు. దొరకని ఎముకలన్నీ సున్నంతో చేసి అతకాలి. ఆ పని చెయ్యాల్సింది ఈయనే. దూరదేశం ఫోటో చూసి దానికి చీలమండ చేశారు. సొంత ఎముకకి అచ్చు తీద్దామంటే మేడమ్ ఒప్పుకోలేదు, రుజువు కానిది పెట్టకూడదంది. ఆమెదీ న్యాయమే. "దాని కాలు సొరుగులో పెట్టుకుని, దానికి సున్నపు కాలు అతికించి వచ్చాను" అన్నారు ఆ రోజు. అన్నం తినలేదు.

తరవాత సంగతి చెప్పడానికి ఎక్కువ లేదు. డాక్టరు ఎక్స్‌రే ఫోటో తీసి, రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నాడు. తొట్టిలో దింపేముందు రాయిని సూదిలాంటి ఉలితో చెక్కినప్పటి పొడీ, సమాధి రాళ్ళ పొడీ కలిసి. "నన్ను కూడా ఓ రోజు తొట్టిలో నానబెడితే వదులుతుందేమో" అని డాక్టరుతోనే జోకు వేశారు. డాక్టరు నవ్వలేదు. మా అమ్మాయి నర్సు కాబట్టి దానికి ముందే తెలిసిపోయింది, గదిలోకి వచ్చేముందు గుమ్మం బయట మొహం తుడుచుకుని వచ్చేది. ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని ఎనిమిది నెలలు ఉన్నారు. మాట్లాడితే ఆయాసం. చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం నా వేలు పట్టుకుని, "దాని కాలు దానికి ఇవ్వలేకపోయాను" అన్నారు.

ఆయన పోయి నాలుగు నెలలైంది. పోయిన వారం ఆయన బట్టలు సర్దుతుంటే, అడుగున పని వేళ కట్టుకునే నీలం గుడ్డ కనపడింది. మెడ నుంచి మోకాళ్ళ దాకా వచ్చేది, ముందు వెడల్పాటి జేబు. మడత పెట్టబోతే జేబు కుట్టులో ఏదో గరగరమంది. వేలు పెట్టి తడిమాను. ఇసుక. ఇసుకలో పల్చగా, వంపుగా ఏదో ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశాను. గోటి ముక్కంత, గోధుమరంగు పెచ్చు.

సూది జారిన రోజు ఆయన ట్రేలో వెతికారు, నేల మీద వెతికారు. జేబులో చూశారని ఎప్పుడూ చెప్పలేదు.

ఆ గుడ్డని అలాగే మడిచి, దులపకుండా, సంచిలో పెట్టుకుని బస్సెక్కాను. రెండు బస్సులు మారాలి. ఒళ్ళో సంచి కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను. పక్కన కూర్చున్నామె "ఏమిటమ్మా, గుడ్లా?" అంది. అవునన్నాను.

ఆ ఇరవై రెండు మెట్లూ నేను దిగడం అదే మొదటిసారి. పులుపు వాసన ఎదురొచ్చింది. కాసేపు మెట్ల మీదే నిలబడిపోయాను. మేడమ్ వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. నేను చెప్పింది విని, తెల్ల పళ్ళెం తెచ్చి, గుడ్డ జేబు తిరగేసి, మెల్లగా తట్టింది. సొరుగులోంచి ఎముక తెచ్చింది. దాన్ని నేను కళ్ళారా చూడడం అప్పుడే. ఆ రోజు ఆయన బొమ్మ అచ్చంగా ఇలాగే గీశారు. కింది గిలక అంచున నొక్కు ఉంది.

మేడమ్ పెచ్చుని సన్నటి పట్టకారుతో పట్టుకుని నొక్కు దగ్గర పెట్టింది. తిప్పింది. ఇంకోవైపు తిప్పింది. నేను ఆమె చేతులే చూస్తున్నాను. ఆయన చేతులంత నెమ్మది ఆ చేతులకి లేదు, అయినా జాగ్రత్త ఉంది. తరవాత పెచ్చుని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది.

"ఎముక కాదమ్మా" అంది. "నత్త పెంకు."

"ఆ బండలో నత్తలు ఉన్నాయన్నారే ఆయన."

"పన్నెండు బండల్లోనూ ఉన్నాయమ్మా."

"మరి ఆ ఇసుక? రేణువున్నా చాలన్నారట మీరు."

ఆమె పళ్ళెం వైపు చూసి, నా వైపు చూసింది. "అది ఎముకకి అంటుకుని ఉంటేనమ్మా. ఇది ముప్పై ఏళ్ళ జేబు. అన్ని బండలూ కలిసిపోయి ఉంటాయి."

తలూపాను. ఇంకేమి అడగాలో నాకు తెలియలేదు. చదువుకున్నదాన్ని అయితే ఇంకో ప్రశ్న తోచేదేమో.

మేడమ్ నన్ను పైకి తీసుకెళ్ళి ఆ జంతువుని చూపించింది. పెద్ద కుక్కంత ఉంది. పొడుగు మూతి చాచి, ఎక్కడికో బయల్దేరినట్టు ఉంది. వెనకకాలి దగ్గర మాత్రం తెల్లగా సున్నపు ముక్క. కింద చీటీ మీద కూడబలుక్కుని చదివాను: తెల్లగా ఉన్న భాగాలు ఊహించి చేసినవి. ఊహించింది ఎవరో రాయలేదు. గిలక గాడిని ఎంత నున్నగా తీశారో, అది ఆయన చేతి పనని నాకు తెలుస్తూనే ఉంది.

మళ్ళీ కిందికి వచ్చాక అడిగాను. "ఆ రోజు ఆయన ఇంటికొచ్చి నన్ను అడిగారు. పక్కటెముకల కింద ఉందన్నారు. నేనే మేకదన్నాను. ఈ మాట ఎక్కడైనా రాసుకుంటారా?"

ఆమెకి ఆ సంగతి తెలియదు. ఆయన ఇక్కడ నా ఊసే ఎత్తలేదట. పన్నెండేళ్ళ కిందటి తప్పంతా తన ఒక్కడిదే అన్నారట ఆ పెద్దల ముందు.

మేడమ్ ఒక కాగితం తీసి, నేను చెప్పినదంతా రాసుకుంది. సబ్బు కాగితం, ఉల్లిపాయలు కూడా రాసింది, వద్దన్నా వినలేదు. చదివి వినిపించి సంతకం పెట్టమంది. నాకు సంతకం పెట్టడానికి టైము పడుతుంది. ఆమె ఆగింది.

"ఇది సాక్ష్యమవుతుందా అమ్మా?"

"అవదమ్మా." అబద్ధం చెప్పనందుకు ఆమె మీద గౌరవం కలిగింది. "కానీ ఎముకతో పాటు ఉంటుంది. రేపెవరైనా సొరుగు తెరిస్తే చదువుతారు."

కాగితం మడిచి ఎముక కింద పెట్టి, సొరుగు తొయ్యబోయింది. సగం దాకా వెళ్ళి ఇరుక్కుంది. ఆమె గట్టిగా నెడుతుంటే లోపల ఎముకలు కదిలిన చప్పుడైంది.

"కాస్త పైకెత్తి తొయ్యాలమ్మా" అన్నాను.

ఎత్తి తోసింది. మూసుకుంది.